కడిగిన రొయ్యలు

ఆదివారం మా ఇంటావిడ రొయ్యలు కడుగుతుంటే ఆ పచ్చి వాసన హాల్లోకి వచ్చింది. కాసేపట్లో కూర అని ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు నూకరత్నం మేడం గుర్తొచ్చి, వెన్ను దానంతటదే నిటారైంది.

నా మొదటి ఉద్యోగం హార్బరు దగ్గర ఒక చిన్న ల్యాబులో. ఎగుమతికి వెళ్లే రొయ్యల్లో బ్యాక్టీరియా ఎంత ఉందో అంచనా కట్టడం మా పని. మేడం మా సీనియర్. రొయ్య గట్టి పదార్థం కనుక ముందు తూచి, శుభ్రమైన ఉప్పునీటిలో మెత్తగా నలిపి, ఆ నీటిని పదింతలు, మళ్లీ పదింతలు పలచన చేసి ప్లేటులో పోయాలి. రెండు రోజులకు బ్యాక్టీరియా ఉన్నచోటల్లా చుక్కలు మొలుస్తాయి. వాటిని లెక్కపెట్టి, పలచన చేసినన్ని రెట్లు హెచ్చవేయాలి. ఎమ్మెస్సీ చదివినవాణ్ని, ఇదంతా కంఠతా వచ్చు. వచ్చినదాని మీద నాకు కాస్త ఎక్కువ గౌరవం కూడా ఉండేది.

నేను ఒంటరిగా చేసిన మొదటి ప్లేటులో రెండే చుక్కలు. గర్వంగా చూపించాను.

"ఏటి బాబూ, ఈ రొయ్యలు ఆపరేషన్ థియేటర్లో పుట్టాయేటి? తూసే ముందు ఏటి సేసావు?"

"కడిగాను మేడం."

"ఎందుకూ?"

భయంలో మా ఊరు పద్మనాభం భాష బయటికొచ్చింది. "ఇంటికాడ మాయమ్మ కడుగుతాది కదా మేడం."

మేడం కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "మరి ఉప్పూ కారం ఎయ్యలేదేటి?"

నాకు నవ్వు రాలేదు. లెక్కపెట్టాల్సిన బ్యాక్టీరియాను నేనే కడిగి సింకులో పారబోశానని అప్పుడు వెలిగింది. ఇంకా ప్రొబేషన్లో ఉన్నాను. ఇంతకన్నా చిన్న తప్పుకే కిందటి నెల ఒకతన్ని ఇంటికి పంపేశారు. సాయంత్రం మేనేజరు రిజిస్టరు చూస్తారు.

"సాంపిల్ పాడైందని రాసేస్తాను మేడం."

"సాంపిల్ ఏటి పాపం సేసింది? కడిగినోడివి నువ్వు. అదే రాయి."

"తూచే ముందు కడిగాను" అని రాశాను. అంత చిన్న వాక్యానికి అంతసేపు పట్టడం అదే మొదలు. మేడం పెన్ను లాక్కుని దాని కింద ఇంకొకటి రాశారు: "కడగకూడదని నేను చెప్పలేదు." సంతకం పెట్టారు. మేనేజరు రెండూ చదివి, ఎవరిని తిట్టాలో తేలక, టీ తెప్పించుకున్నారు. ఫ్రీజర్లో మిగిలిన రొయ్యలతో మళ్లీ చేస్తే ప్లేటు గోపాలపట్నం రోడ్డులా కిక్కిరిసింది. ఆ సరుకు ఓడ ఎక్కలేదు. నా ఉద్యోగం మాత్రం నిలిచింది.

మేడం రిటైరై తగరపువలసలో ఉంటున్నారు. ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. ఎవరైనా తప్పు చేస్తే ముందు కోపం వస్తుంది. ఆ విషయంలో నేను ఎవరికీ తీసిపోను. కోపం దిగాక, వాళ్లకు నేను చెప్పాల్సి ఉండి చెప్పని మాట ఏదైనా ఉందా అని వెతుక్కుంటాను. దొరక్కపోతే బాగుండునని ఉంటుంది. దొరుకుతూనే ఉంటుంది. వాళ్ల వాక్యం కింద నాదొకటి రాసి, సంతకం పెడతాను.