అవ్వ గోడ, ఐసు పైపు

అరవైల మొదట్లో షాద్‌నగర్‌లో ఓ ఐసు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేశాను. ఐసు తొట్టి నుంచి మిషన్ గదికి పోయే చల్లటి పైపు నన్ను విసిగించినంతగా ఏ మనిషీ విసిగించలేదు. ఎండాకాలం వస్తే చాలు, దానికి ఒళ్లంతా చెమటే. ఆ నీళ్లన్నీ పక్కింటి అవ్వ మట్టిగోడలోకి దిగేవి.

పైపు వేసిన మహానుభావుడెవడో గానీ, తెచ్చి తెచ్చి ఆమె గోడకే ఆనించాడు. ఆమె ఒంటరి మనిషి. ఇంటి దూలం ఆ గోడ మీదే ఉంది. వేలు పెడితే గోడలోకి దిగుతోంది.

"వానలు వడితె గీ గోడ నిలుస్తదా కొడుకా? నేనేడికి పోవాలె?" అని రోజూ నా ప్రాణం తీసేది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా చిరాకు.

పైపుకు చుట్టడానికి కార్కు పలకలు తెప్పిస్తానని ఫ్యాక్టరీ సేటు అన్నాడు, తెప్పించలేదు. చివరికి నేనే రైసు మిల్లు నుంచి ఊక తెచ్చి, గోనెపట్టాల్లో కూరి, పైపు చుట్టూ మందంగా పెట్టి సుతిలితాడుతో బిగించాను. తడి లోపలికి దిగకుండా పైన డాంబరు పూయాలి. డబ్బా రేపొస్తుందన్నాడు సేటు. ఆయన రేపు సంగతి నాకు తెలియనిదా!

"గిదెందుకు కొడుకా?" అంది గడపలో కూర్చున్న అవ్వ.

వివరంగా చెప్పే ఓపిక లేదు. "లోపలి సల్లదనం పోవద్దవ్వా. అది పోకుంటె నీ గోడ తడువది" అన్నాను. తలూపింది.

వారం తిరగకముందే గోనె నీళ్లోడుతోంది. విప్పాను, ఊక ఎండబెట్టాను, మళ్లీ చుట్టాను. మళ్లీ అదే. డాంబరు లేకనే ఇలా అయిందని సేటు మీద ఎగిరితే, "నీకు పనే రాదు" అన్నాడు. నిజమేనేమోనని నాకే అనుమానం వచ్చింది.

ఓ మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి అవ్వ గోనె మీద చెంబుతో నీళ్లు గుమ్మరిస్తోంది, ఈ చివర నుంచి ఆ చివరిదాకా.

"ఏం జేస్తున్నవవ్వా!" అని అరిచాను.

"గట్లొర్రుతవేంది? కుండకు గోనె సుట్టి తడుపమా? తడిపితెనే గద సల్లగుండేది. సల్లదనం పోవద్దని నువ్వే అంటివి."

చుట్టుపక్కల బావులన్నీ ఎండిన నెల అది. తిట్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. "నీళ్లు ఏడికెల్లి తెస్తున్నవు?" అని అడిగాను.

"రైలుకట్ట అవుతల మోటబాయికెల్లి. పొద్దుగాల రెండు బిందెలు మోస్త. ఒకటి నాకు, ఒకటి గీ పైపుకు."

నా మీద నాకే అసహ్యం వేసింది. తడిసిన గోనె విప్పుతూ ఈసారి నిదానంగా చెప్పాను. చల్లటి పైపుకు బయటి గాలి తగిలితే చెమట పడుతుందని, ఊక ఆ గాలిని ఆపుతుందని, అది పొడిగా ఉంటేనే పనిచేస్తుందని.

అవ్వ అంతా విని, నానిన గోడను అరచేత్తో తడిమింది.

"గీ ముక్క గప్పుడే జెప్పొద్దా కొడుకా" అంది.