క్వార్టరు ముగిశాక రండి

2021 జూన్‌లో నన్ను అనకాపల్లి బ్రాంచికి సీనియర్ మేనేజరుగా వేశారు. బ్యాంకు లెక్కలో స్కేల్ త్రీ. సొంత కేబిన్ ఉంటుంది, సొంత సంతకం మీద ఇంటి లోన్లు మంజూరు చేసే అధికారం ఉంటుంది, నెలకోసారి విశాఖ రీజనల్ ఆఫీసుకి వెళ్ళి చీవాట్లు తినే హక్కు కూడా ఉంటుంది. అదే నా ఆఖరి పోస్టింగు. అనకాపల్లి అంటే బెల్లం వ్యాపారుల లోన్లే చూడాలేమో అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే బ్రాంచి నడిచేది ఇళ్ళ లోన్ల మీద. పరవాడ ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ళంతా సబ్బవరం చుట్టూ ఇళ్ళు కొనుక్కుంటున్న రోజులవి. వడ్డీ అంత చౌకగా ఉండడం నా సర్వీసులో అంతకు ముందు చూడలేదు.

ఆ చౌక ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. బ్యాంకులకే అప్పిచ్చే పెద్ద బ్యాంకు ఒకటి ముంబైలో ఉంది. అది మా దగ్గర తీసుకునే వడ్డీని రెపో రేటు అంటారు. కరోనాలో వ్యాపారాలు పడకేస్తే, జనం అప్పు చేసైనా ఖర్చు పెట్టాలని దాన్ని నాలుగు శాతానికి దించారు. ఇంటి లోన్ వడ్డీ దానికి ముడిపడి ఉంటుంది. అది దిగితే ఇదీ దిగుతుంది, అది ఎక్కితే ఇదీ ఎక్కుతుంది. ఎక్కుతుందన్న సంగతి లోన్ పత్రాల్లో ఎక్కడో లోపలి పేజీలో ఇంగ్లీషులో ఉంటుంది. అది చదివి సంతకం పెట్టిన కస్టమర్ని నేను చూడలేదు. చదివి వినిపించిన మేనేజర్ని అంతకన్నా చూడలేదు, నాతో కలిపి.

ఆ ఆగస్టులో నేను మంజూరు చేసిన లోన్లలో నూకరాజుది ఒకటి. ముప్పై ఏడేళ్ళ మనిషి, పరవాడలో ఒక ఫార్మా యూనిట్‌లో ఆపరేటరు. ఓవర్‌టైంతో కలిపి నెలకి ముప్పై రెండు వేలు వచ్చేవి. సబ్బవరంలో రెండు గదుల ఇంటికి ఇరవై లక్షలు, ఆరూముప్పావు శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు. నెలకి పదిహేను వేల రెండొందల ఏడు రూపాయల ఈఎంఐ. రిటైరయ్యేలోపు తీరిపోతుందని ఆయనకి నేనే లెక్క వేసి చూపించాను.

లోన్ ఇచ్చాక ఇల్లు చూసి రిపోర్టు రాయడం మా రూలు. నేను వెళ్ళేసరికి ఆయన భార్య పైడితల్లి వంటింటి గోడ మీద పెన్సిలుతో గళ్ళు గీస్తోంది. ఏమిటమ్మా అని అడిగితే, వరసకి పన్నెండు చొప్పున ఇరవై వరసలు, మొత్తం రెండొందల నలభై గళ్ళని, ఈఎంఐ కట్టిన నెల ఒక గడిలో కుంకం బొట్టు పెడతానని చెప్పింది. మొదటి గడిలో అప్పటికే బొట్టు ఉంది. నాకు ముచ్చటేసింది. ఇరవై ఏళ్ళ నమ్మకాన్ని అలా గోడకెక్కించిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

2022 మేలో గాలి తిరిగింది. ధరలు మండుతున్నాయని పెద్ద బ్యాంకు రెపో రేటు పెంచడం మొదలుపెట్టింది. పది నెలల్లో రెండున్నర శాతం పెంచింది. ఇక్కడ మా వృత్తిలో కిటుకు ఒకటి చెప్పాలి. వడ్డీ పెరిగితే ఈఎంఐ పెంచవచ్చు, లేదా ఈఎంఐ అలాగే ఉంచి గడువు పొడిగించవచ్చు. కంప్యూటరు తనంతట తాను చేసేది రెండోది. ఈఎంఐ పెరిగితే జనం బ్రాంచికొచ్చి గొడవ చేస్తారు, కొందరు కట్టడం మానేస్తారు. నెలలు పెరిగితే ఎవరికీ నొప్పి తెలియదు. ఫోనుకి ఇంగ్లీషులో ఒక మెసేజ్ వెళ్తుంది. నూకరాజు దాన్ని ఏదో ప్రకటన అనుకున్నాడు.

ఆ 2022 సెప్టెంబరు నాలుగో వారంలోనే ఆయన నా కేబిన్‌కి వచ్చాడు. నాతవరం దగ్గర తండ్రి చెరుకు భూమి అమ్మితే తన వాటాకి ఆరు లక్షలు వచ్చాయి, చెక్కు ఖాతాలో పడింది. "ఆరు లచ్చలూ ఇంటి లోన్‌కి కట్టేత్తాను సార్. మా ఆవిడి గళ్ళు సగానికి తగ్గిపోతాయి కదా" అన్నాడు.

ఆ రోజు నా టేబుల్ మీద ఇంకో కాగితం ఉంది. సెప్టెంబరు ముప్పైకి క్వార్టరు ముగుస్తుంది. ఆ రోజు నాటికి బ్రాంచిలో ఇళ్ళ లోన్ల మొత్తం ఇంత ఉండాలని రీజనల్ ఆఫీసు లక్ష్యం. నాకు తొమ్మిది లక్షలు తక్కువ పడుతున్నాయి. నూకరాజు ఆరు లక్షలు కట్టేస్తే పదిహేను తక్కువ. పైగా ఆ డబ్బు ఆయన సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే డిపాజిట్ల లెక్క నిండుగా కనిపిస్తుంది. ఎక్కడికీ పోదు కదా, వారం రోజులే కదా అనుకున్నాను. ఈఎంఐ ఏమీ పెరగలేదు కదా, తొందరేముంది, క్వార్టరు ముగిశాక దసరా వెళ్ళనిచ్చి రండి అని చెప్పి పంపాను. అప్పటికే ఆయన గడువు మూడేళ్ళకు పైగా సాగింది. ఒక మీట నొక్కితే స్క్రీన్ మీద కనిపించేది. నొక్కలేదు.

దసరా వెళ్ళాక ఆయన రాలేదు. కంపెనీ బస్సులో పక్క సీట్లో కూర్చునే మనిషి ఆయనకి ఫోనులో ఒక యాప్ చూపించాడు. క్రిప్టో, అంటే ఏ ప్రభుత్వమూ పూచీ పడని కంప్యూటరు నాణెం. కొని ఆ యాప్‌లోనే ఉంచితే ఏడాదికి పద్దెనిమిది శాతం వడ్డీ అట. మేనేజరే తొందర లేదన్నాడు, ఈలోగా నాలుగు రాళ్ళు వస్తే మంచిదే కదా అని నూకరాజు ఆరు లక్షలూ అందులో పెట్టాడు. ప్రపంచంలో వడ్డీ చౌకగా ఉన్న రోజుల్లో ఆ నాణేల ధరలు ఆకాశానికెక్కాయి. వడ్డీలు పెరిగేసరికి డబ్బంతా వెనక్కి తిరిగింది, ధరలు కూలాయి. నవంబరులో విదేశాల్లో ఒక పెద్ద క్రిప్టో సంస్థ మునిగింది. దాని వెనకే ఈ చిన్న యాప్ కూడా డబ్బు వెనక్కి ఇవ్వడం ఆపేసింది. స్క్రీన్ మీద అంకె ఉంది, చేతికి రూపాయి రాదు.

2023 ఏప్రిల్‌లో రీజనల్ ఆఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. గడువు మరీ హద్దు దాటిన లోన్లవాళ్ళని పిలిచి, ఈఎంఐ పెంచండి లేదా కొంత మొత్తం కట్టించుకోండి అని. అందులో నూకరాజు పేరు చూసి స్క్రీన్ తెరిచాను. మిగిలిన నెలలు ఐదు వందల యాభై పైచిలుకు. ఆ లోన్ తీరేసరికి ఆయనకి ఎనభై అయిదేళ్ళు వస్తాయి.

భార్యాభర్తలిద్దరినీ పిలిపించాను. ఆ యాప్ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మొదట అనుకున్న ఇరవై ఏళ్ళ గడువులో తీరాలంటే ఈఎంఐ పద్దెనిమిది వేల నాలుగొందలు చెయ్యాలని చెప్పాను. నూకరాజు తల దించుకుని, జనవరి నుంచి యూనిట్‌లో ఓవర్‌టైం ఆపేశారని, చేతికి పాతిక వేలే వస్తున్నాయని అన్నాడు. వాళ్ళ కంపెనీ కూడా బ్యాంకు అప్పు మీద నడిచేదే, దానికీ వడ్డీ పెరిగింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. పైడితల్లి నెమ్మదిగా అడిగింది.

"ఇరవై నెలలు కట్టేం, ఇరవై బొట్లు పెట్టేను. అవి ఏటయ్యేయి బాబూ?"

లెక్క నా ఎదురుగానే ఉంది. మూడు లక్షల పైన కట్టారు, అసలులో తగ్గింది యాభై నాలుగు వేలు. తక్కింది వడ్డీకి పోయిందమ్మా అన్నాను. అప్పుడు నూకరాజు భార్య వైపు తిరిగి, "సార్ తప్పేటీ లేదే. దసరా ఎల్లేక రమ్మన్నారు, నానే రాలేదు" అన్నాడు.

ఆ మాటని నేను దిద్దాల్సింది. మీరు తెచ్చిన రోజునే కట్టించుకుని ఉంటే, వడ్డీ ఎంత పెరిగినా పన్నెండున్నరేళ్ళలో తీరిపోయేదని, నా లక్ష్యం కోసం మిమ్మల్ని వెనక్కి పంపానని చెప్పాల్సింది. నోరు తెరవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, కాని నోరు తెరవలేదు. ఆ సెప్టెంబరు లక్ష్యం దగ్గరదాకా చేరినందుకు రీజనల్ ఆఫీసు ఇచ్చిన మెప్పు లేఖ అప్పుడు నా సొరుగులోనే ఉంది.

జూన్‌లో వాళ్ళు ఇల్లు అమ్మేశారు. మా అప్పు తీరింది. చేతికి మిగిలింది ఎంతో నేను అడగలేదు. పరవాడలో అద్దె గదికి మారారని విన్నాను. కొన్నవాడు కూడా మా బ్రాంచిలోనే లోన్ తీసుకున్నాడు, ఆ మంజూరు మీద సంతకం కూడా నాదే. రూలు ప్రకారం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. వంటింటి గోడకి రెండు పూతలు సున్నం వేశారు. నూనెలో కలిపి పెట్టిన కుంకం కాబట్టి ఎర్ర మచ్చలు పైకి తేలుతున్నాయి. ఎంత వేసినా పోవడం లేదు సార్, మూడో పూత వేయిస్తాను అని కొత్త యజమాని నొచ్చుకున్నాడు. నిలబడి లెక్కపెట్టాను. ఇరవై ఒకటి ఉన్నాయి. నేను పిలిచి చెప్పాక కూడా ఆవిడ ఒకటి పెట్టింది. రిపోర్టులో గోడల పరిస్థితి అన్న చోట 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను.

గడువు పొడిగించే ముందు కస్టమరుకి చెప్పి, ఏది కావాలో అడగాలని వాళ్ళు ఇల్లు అమ్మిన రెండు నెలలకి, ఆగస్టులో పైనుంచి బ్యాంకులన్నిటికీ ఆదేశం వచ్చింది. మంచి ఆదేశమే. నూకరాజు ఖాతాలో ఏ ఆడిటరూ నా తప్పు పట్టలేదు, రూలు ప్రకారం తప్పు లేదు కూడా. ముంబైలో రేటు పెంచడం నా చేతిలో లేదు, నాణెం కూలడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది ఆ ఆరు లక్షలు లోన్‌కి జమ చేసుకునే ఒక్క చలానా. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది అడిగితే ఇదొక్కటే చెప్తాను: అప్పు తీరుస్తానని డబ్బు పట్టుకొచ్చిన మనిషి దగ్గర ఆ రోజే కట్టించుకుని రసీదు ఇవ్వాలి, ఆ రోజు తారీఖు ఎంతో చూడకూడదు.