ఇసుక దిబ్బ మీద ఆరు గొర్రెలు

నా చిన్నప్పుడు మా గొర్రెలకు రెండు రాజ్యాలుండేవి. వానాకాలమంతా ఆలంపూర్ చుట్టుపక్కల నిజాం నేల మీద మేసేవి. ఎండలు ముదిరి ఇక్కడి గడ్డి మాడిపోగానే తుంగభద్రలో మోకాలి లోతు నీళ్ళు దాటి కర్నూలు వైపు పోయేవి. అక్కడి రైతులు కోతలైన చేలలో మా మందను కట్టించుకునేవారు. మంద పడుకున్న చేను ఆ ఏడు బాగా పండుతుంది. అందుకు వాళ్ళు మాకు జొన్నలు కొలిచేవారు. మా తాతల నాటి ఈ ఒప్పందానికి కాగితం లేదు. గొర్రెకు గడ్డి కావాలి, చేనుకు ఎరువు కావాలి, అంతే.

పోలీస్ చర్యకు ముందటి వేసవిలో ఆ దారి మూతపడింది. నదికి రెండు వైపులా జవాన్లు కాపలా కాస్తున్నారు. ఇటు నుంచి పోయినవాణ్ణి అటు వాళ్ళు, అటు నుంచి వచ్చినవాణ్ణి ఇటు వాళ్ళు గూఢచారి అనేవారు. అయినా అవతలి జవాన్లు ఒక మాట చెప్పారు: ఊరి పెద్ద వచ్చి ‘వీళ్ళు మావాళ్ళు’ అంటే మందను రానిస్తాం. ఆ పెద్దే రానన్నాడు. ఏటా మా మందను తన చేలో కట్టించుకునే రైతే ఆయన.

కారణం కిందటేటి రోగం. మేము వెళ్ళొచ్చాక వాళ్ళ గొర్రెలకు అమ్మవారు పోసింది. ఒంటి నిండా బొబ్బలు లేచి సగం మంద పోయిందట. మా గొర్రెలే ఆ తల్లిని నది దాటించాయని వాళ్ళు నమ్మారు. మావాళ్ళేం తక్కువ తినలేదు. అటొడ్డు వాళ్ళు బాణామతి, అంటే చేతబడి, చేయించారని, అందుకే మా గొర్రెలు కూడా కొన్ని చచ్చాయని ఊరంతా చెప్పుకున్నారు. తరవాత ఎన్నో సభల్లో నేను మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగాను. కానీ జబ్బుకు దేవత పేరో, మంత్రగాడి పేరో పెట్టగానే మనిషి కళ్ళతో చూడటం మానేస్తాడని నాకు మొదట తెలిసింది ఆ నది ఒడ్డునే.

ఇవతల గడ్డి లేదు. తల్లి గొర్రెల పొదుగులు ఎండిపోయాయి. పిల్లలు వాటి కింద దూరి, ఏమీ దొరక్క, నిలబడే కునికేవి. నది దాటకపోతే వానల దాకా సగం మంద కూడా మిగలదని మా నాన్న, బాపు, తల పట్టుకున్నాడు.

అప్పుడు మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, ఒక ఉపాయం చేసింది. నది నడుమ ఒక ఇసుక దిబ్బ ఉండేది. అది ఎవరి ఇలాఖాలోదో రెండు వైపుల జవాన్లకూ తెలియదు. అవ్వ ఆ దిబ్బ దాకా నడిచిపోయి, అటొడ్డు పెద్దను కేకేసి పిలిపించింది. కిందటేటి తప్పు ఎవరిదని ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. మీవి మూడు, మావి మూడు గొర్రెలను ఈ దిబ్బ మీద ఒకే దొడ్లో కడదాం, ఒకే కట్ట గడ్డి వేద్దాం, పదిహేను రోజులు చూద్దాం అంది. రోగముంటే బయటపడుతుంది, లేకపోతే మమ్మల్ని రానివ్వు అంది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు.

ముళ్ళకంప దొడ్డి, పక్కనే చిన్న గుడిసె. అవ్వ, నేను అక్కడే ఉన్నాం. ఆడపిల్ల ఇసుకలో మాడిపోతుందని అమ్మ గునిసింది గానీ అవ్వ వినలేదు. ఆ పెద్దరైతు రోజూ ఉదయం గడ్డి మోపుతో వచ్చి, ఆరింటినీ చూసి పోయేవాడు. వాళ్ళ గొర్రెలకు ఎడమ చెవి చీలిక గుర్తు, మావాటికి కుడి చెవి కోత.

పదో రోజు తెల్లవారేసరికి మా గొర్రె ఒకటి మేత ముట్టలేదు. తల వేలాడేసి మూల నిలబడింది. సరిగ్గా అప్పుడే మాకు అంబలి తెచ్చిన బాపు దాన్ని చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

“అమ్మా, మన చెవి కోత అన్నిటికీ ఒకటే. ఆయన వచ్చేలోపట దీన్ని తోల్కపోయి ఇంకోదాన్ని తెచ్చి కడ్త. ఎవలకు తెలుస్తది?”

“ఎవలకూ తెల్వకుంట చేసేటట్టయితే గీ పది పొద్దులు ఇసుకల కూసున్నది దేనికిరా? నిజంగ రోగమే అయితే దీన్ని మన మందల కలుపుతవా?”

ఎండెక్కే దాకా ఆగకుండా, దిబ్బ అంచున నిలబడి ఆ పెద్దరైతును కేకేసి పిలవమని అవ్వ బాపునే పంపింది.

పెద్దరైతు పరుగున వచ్చాడు. గొర్రెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“బాగలేదని నువ్వే పిలిపించినావా అక్కా?”

“నేను పిలువకుంటే నువ్వెట్ల జూస్తవు తమ్మీ? రా, చెయ్యి పెట్టి చూడు.”

ఇద్దరూ ఆ గొర్రెను పడుకోబెట్టారు. ఉన్ని లేని చోటల్లా, చంకల్లో, తోక కింద, పెదాల మీద, వేళ్ళతో తడిమారు. బొబ్బ లేదు. చివరికి ఆయనే నోరు తెరిచి చూశాడు. దవడ లోపల తుమ్మముల్లు విరిగి ఉంది, చుట్టూ చీము. ఆయనే దాన్ని పీకాడు. సాయంత్రానికి గొర్రె గడ్డి కొరికింది.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ ఆయన కళ్ళలో ఇంకా కొంచెం బెరుకుంది. అది చూసి అవ్వే, నీ మనసు కుదుటపడే దాకా ఆ పదిహేను మీద ఇంకో ఐదు రోజులు కలుపుకుందాం అంది. బాపు కోపంతో అంబలి ముంత అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ ఐదు రోజుల్లో ఇవతలి ఒడ్డున పాలు లేక ఒక గొర్రెపిల్ల చచ్చింది. నేను ఎత్తుకు తిరిగిన పిల్ల అది. అవ్వతో ఒక రోజంతా మాట్లాడలేదు. ఆమె నన్ను బుజ్జగించలేదు. ఆ పూట తానేమీ తినలేదు.

ఇరవై రోజులూ ఆరు గొర్రెలూ నిక్షేపంగా ఉన్నాయి. మరునాడు ఉదయం ఆ పెద్దరైతు అవతలి ఒడ్డున జవాను పక్కన నిలబడి మమ్మల్ని రమ్మని తలగుడ్డ ఊపాడు. గొర్రెలకు పాసులున్నాయా అని జవాను వెటకారమాడితే, “చెవులకుండాయి, సూసుకో నాయనా. పిలిచింది నేను, ఈళ్ళు మావాళ్ళు” అన్నాడు. వాళ్ళ ఊరివాళ్ళు నీళ్ళలోకి దిగి మా గొర్రెపిల్లలను భుజాల మీద వేసుకుని దాటించారు. బాణామతి చేయించారని మేము తిట్టిన మనుషులు వాళ్ళు. ఆ రెండు ఊళ్ళ మధ్య రోగం మాట మళ్ళీ లేవలేదు. గొర్రె నలతగా కనిపిస్తే ముందు అవతలి వాళ్ళకు కబురు పంపడం అప్పటి నుంచి రెండు ఒడ్లకూ అలవాటైంది.

తరవాత నేను చదువుకున్నాను, వేదికలెక్కి ఎందరితోనో వాదించాను. గెలవాలనే ఆత్రం నాకు ఎప్పుడూ ఎక్కువే. అయినా నా వాదానికి అడ్డొచ్చే సంగతి ఏదైనా నా కంటబడితే, ఎదుటివాడు కనిపెట్టేలోపు నేనే చెప్పేస్తాను. దానివల్ల కొన్ని సభల్లో ఓడాను కూడా. కానీ ఆ ఓడిన సభల నుంచి లేచి, నా వెంట ఇంటిదాకా నడిచి వచ్చినవాళ్ళే ఈ వయసులో నాకు స్నేహితులుగా మిగిలారు.