సత్తమ్మ గుండె మీద పట్టీ

శ్రీలేఖకు చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు, ‘ఎందుకు’ అని అడగడం. హయత్‌నగర్‌లో కాపురం, శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు. విమానం ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కను వదిలేస్తుంది, విమానం పట్టు తప్పుతుంది. అలా జరక్కుండా ఆమె ఒక రెక్క నమూనా వీపున సన్నటి బెజ్జాలు పెట్టింది. మందగించి అడ్డుపడే గాలిని అవి లోపలికి పీల్చేస్తే, పైగాలి రెక్కనే అంటిపెట్టుకుని సాగిపోయింది. దానికి పేటెంటూ వచ్చింది. చుట్టూ చేలన్నీ ప్లాట్లయి వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోతున్న రోజులవి. రెక్కను మాత్రం ఎవరూ కొనలేదు. జవాబు దొరికింది కాబట్టి ఆవిడకు కడుపు నిండిపోయింది.

కాలేజీలో ఆమె ల్యాబు ఊడ్చే సత్తమ్మది ఇబ్రహీంపట్నం. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయేది, కాసేపటికి లేచి మళ్ళీ చీపురు పట్టేది. దవాఖానకు పోయినప్పుడల్లా ఈసీజీలో గుండె గీత చక్కగానే వచ్చేది. “పని ఎగ్గొట్టే యేషాలు,” అని మొగుడు సోమయ్య వాడంతా చాటాడు. పడినప్పుడు తగిలిన దెబ్బల కన్నా ఆ మాటే సత్తమ్మను ఎక్కువ బాధపెట్టేది.

మరి పడిపోయే ఆ క్షణాన గీత ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న శ్రీలేఖను పట్టుకుంది. రోజంతా ఛాతీకి అతుక్కుని గుండె గీతను దాచుకునే పట్టీ ఒకటి తయారుచేసింది. నగరంలో ఒక గుండె డాక్టరు చూసి సరేనన్నాడు.

తీరా పట్టీ వేయబోతే జారి చేతిలోకే వచ్చింది. సత్తమ్మ నూనె పెట్టుకుని, ఒళ్ళంతా పసుపు రాసుకుని స్నానం చేసి వచ్చింది.

“ఇదేంటక్కా, పెళ్ళికూతురిలా?”

“పెద్ద డాక్టర్ సారు సూస్తడంటివి గద మేడమ్! ఉత్త ఒంటితోని ఎట్లొస్త?”

శ్రీలేఖ పడీపడీ నవ్వింది. సబ్బుతో కడిగించి మళ్ళీ వేస్తే అతుక్కుంది. కానీ అసలే ఎండాకాలం, మధ్యాహ్నానికి కింద చెమట చేరి ఊడిపోయింది. జిగురు పెంచితే చర్మం పొక్కింది.

“జర ఆగు మేడమ్, తోలు ఊడొస్తున్నది,” అంది సత్తమ్మ. శ్రీలేఖకు సిగ్గేసింది.

పట్టీ పట్టుకుని రెక్క నమూనా ముందు కూర్చుంది. గట్టిగా అతికించడమెందుకు? మధ్యలో చేరినదాన్ని లాగేస్తే చాలదూ, రెక్కకు చేసినట్టు! పట్టీ నిండా సూదితో బెజ్జాలు పొడిచి, పైన దూది పొర వేసింది. చెమటంతా దూది తాగేసింది. సత్తమ్మ ఎండలో బిందెలు మోసినా పట్టీ కదల్లేదు.

ఈసారి పట్టీ ఒంటి మీద ఉండగానే సత్తమ్మ ఇంటి వాకిట్లో, సోమయ్య కళ్ళెదుటే పడిపోయింది. “లే, సాలు తియ్,” అన్నాడతను. స్పృహ తప్పేముందు ఆమె చెవిన పడ్డ చివరి మాట అదే. మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గర కూర్చున్నారు. కాగితం మీద గీత ఎగుడుదిగుడుగా నడిచి, ఒకచోట తిన్నగా సాగింది. అంతసేపూ గుండె కొట్టుకోలేదని, వెంటనే లోపల గుండెను కొట్టించే పేస్‌మేకర్ యంత్రం అమర్చాలని, దాంతో భయం తీరుతుందని డాక్టరు చెప్పాడు. పట్టీ పనిచేసిందన్న సంతోషం పక్కనపెట్టి శ్రీలేఖ సత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

సోమయ్య ఆ తిన్నటి గీత మీద వేలు పెట్టాడు. “అంటే ఈడ... సచ్చిపోయినట్టేనా సారూ?”

“అవ్,” అంది సత్తమ్మ, డాక్టరు కన్నా ముందే. “నువ్వు లే అన్నది గప్పుడే.”