జలపతి వేసిన జాయింటు

రాగి గొట్టాన్ని కోయడం ఎవరికైనా వస్తుంది. కోసిన అంచును గరాటులా విప్పి, గ్యాసు చుక్కంత కూడా బయటికి పోకుండా ఇంకో గొట్టంతో కలపడం మాత్రం తొంభై ఆరులో మా కోరుట్లలో ఒక్క జలపతికే వచ్చు. అతని ఫ్రిజ్‌ల కొట్టూ, నా రేడియో రిపేరు కొట్టూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఉన్నది ఒక్క రేకు. అటువైపు పానా కింద పడితే ఇటు నేను ఉలిక్కిపడేవాణ్ణి.

జలపతిది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. అందరిలాగే భీవండికి పోయి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. దూది దుమ్ము పడక దగ్గు పట్టుకుంటే, బొంబాయిలో ఏసీలు బిగించే ఓ మేస్త్రీ దగ్గర చేరాడు. ఆరేళ్లకు పని చేతికొచ్చింది. తిరిగొచ్చి ఊర్మిలను పెళ్లి చేసుకుని మా వీధిలో కొట్టు పెట్టాడు.

అతని పని చూస్తే నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి చిరాకొచ్చేది. విప్పిన అంచు మీద నూనె వేలితో రాసేవాడు. తెగిన పోగును తడివేళ్లతో అతికే ఇంట్లో పుట్టినవాడు కదా, వేలికి తగిలితే తప్ప నమ్మడు. నట్టు చేత్తో తిప్పి, ఆ తర్వాత రెండు పానాలతో బిగించేవాడు. గొట్టంలోకి గ్యాసు ఎక్కించి, జాయింటుకు సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమోనని చూసేవాడు. అక్కడితో అయిపోతుందా? గ్యాసు ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఎక్కడుందో సుద్దముక్కతో గీత పెట్టి, పొద్దున నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు. ముల్లు ఆ గీత మీంచి కదలకపోతేనే లేచేవాడు. "పిల్లను చూడబోయినోళ్లు గుడ గింతసేపు కూసోరు తమ్మీ" అని నేను ఆటపట్టించేవాణ్ణి.

ఆ ఎండాకాలం ఓ ఠాణాకు కొత్త అధికారి వచ్చాడు. ఏ ఠాణానో ఎందుకు లెండి. అన్నలు, అంటే నక్సలైట్లు, బాంబులేస్తారన్న భయంతో ఆ ఠాణా కిటికీలన్నీ ఇటుకలతో మూసేశారు. కిటికీయే లేనిచోట కిటికీ ఏసీ ఎక్కడ పెడతారు? గోడకు చిన్న రంధ్రం చేసి గొట్టాలతో కలిపే రకం మిషన్ హైదరాబాదు నుంచి తెప్పించారు. మిషన్ వచ్చింది గానీ, బిగించే మనిషి మా దిక్కుకు రానన్నాడు. జలపతికి కబురొచ్చింది.

రానని అనలేడు. ఆ రోజుల్లో ఠాణాకు ఒకసారి పోతే పని అనుకునేవారు. రెండోసారి పోతే ఎందుకని అడిగేవాళ్లు ఉండేవారు. ఇన్‌ఫార్మర్ అన్న పేరు పడిందంటే ఆ అడగడం మాటలతో ఆగేది కాదు.

"ఒక్కసారిల అయిపోవాలె గోవర్ధనన్నా. జాయింటు లీకై మల్ల పిలిస్తే నా బతుకు ఆగమే" అన్నాడు పోయే ముందు.

మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. నాకు ఆశ్చర్యమేసింది.

"గిదేంది, పొద్దంత కూసోలే?"

"ఎట్ల కూసుంట? గేటు ముంగటికెల్లే బస్సులు పోతున్నయి. అందరు తొంగి సూస్తున్నరు. నాకు కాలు నిలువలే. అరగంట సూసిన, ముల్లు కదల్లే, అచ్చిన."

అప్పటినుంచి అతను స్థిమితంగా కూర్చున్నది నేను చూడలేదు. జీపు చప్పుడైతే చేతిలో పని వదిలి వీధిలోకొచ్చేవాడు. అది ముందుకు పోయాక లోపలికెళ్లేవాడు. అయిదు నిమిషాలకే మళ్లీ వచ్చేవాడు.

పద్దెనిమిదో రోజు జీపు ముందుకు పోలేదు. నిండు బజారులో అతని కొట్టు ముందే ఆగింది. "సార్ రూముల ఏసీ సల్లగైతలేదు. ఎక్కు" అన్నాడు జవాను. జలపతి సంచి తీసుకుని, ఒకసారి నా వైపు చూసి ఎక్కాడు. వీధి వీధంతా చూసింది.

ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. వచ్చాక, తాను కోసి తీసేసిన గొట్టం ముక్కను నా చేతిలో పెట్టాడు. దీపానికి పట్టి చూశాను. విప్పిన అంచులో వెంట్రుకంత చీలిక.

"అరగంటల ఇది బయటవడది. పొద్దంత కూసుంటే ముల్లు చెప్పేది. ఎవలన్న సూస్తరని లేచి అచ్చిన. గందుకే జీపెక్కాల్సొచ్చె" అన్నాడు.

రెండు రోజులకు గొల్లపల్లి సారయ్య పాడైన ట్రాన్సిస్టర్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అతను అన్నలకు మాటలు మోస్తాడని మా అందరికీ తెలుసు.

"మీ పక్కోడు జీపెక్కి పోయిండట గదా. పొద్దంత గాడ ఏం పని?" అన్నాడు, రేడియో వైపే చూస్తూ.

జాయింటు లీకైంది, బాగుచేయడానికి పోయాడు. అంతే చెప్పాలి. కానీ అతని తరఫున నోరు విప్పితే రేపు నన్నూ అతనితో కలిపి లెక్కేస్తారని భయమేసింది.

"ఏమో సారయ్యా, నాకెర్కలే. నా పని నేను చేసుకుంట" అన్నాను.

మరో రెండు రోజులకు జలపతి కొట్టు తెరుచుకోలేదు. ఊర్మిల పరుగున వచ్చింది. "అన్నా, సారంగాపూర్ అడవి దిక్కు రమ్మని కబురస్తే పనిసంచి పట్టుకొని పోయిండు. మీకేమన్న చెప్పిండా?"

"లేదు చెల్లే" అన్నాను. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

అతను రాని ఆ రెండు రోజులూ నా చేతులు పనిచేయలేదు. మూడు రేడియోలు విప్పి, ఏ మర దేనిదో మరిచిపోయాను. బస్సు ఆగిన ప్రతిసారీ లేచాను. గొల్లపల్లి పోయి సారయ్యకు ఉన్నదున్నట్టు చెప్పేద్దామని రెండుసార్లు బస్టాండు దాకా నడిచాను. రెండుసార్లూ తిరిగొచ్చాను. నా పిరికితనం మీద నాకే అసహ్యం పుట్టింది. అయినా బస్సెక్కలేదు.

మూడోరోజు మధ్యాహ్నం జలపతి వచ్చాడు. ఒంటి మీద దెబ్బల్లేవు. నాతో మాట్లాడకుండా షట్టరు లేపి సామాను సర్దడం మొదలుపెట్టాడు. ఊర్మిల మూటలు కడుతోంది. ఆమె బయటికెళ్లడం చూసి నేను లోపలికి పోయాను.

"ఏం కాలే గదా తమ్మీ?"

"ఏం కాలే. గొట్టాలు కోసి, ఇప్పి, అంచు ఎట్ల పలుగుతదో రెండు రోజులు సూపిచ్చిన. ఆఖరుకు నమ్మిండ్రు."

"నమ్మితే మల్ల సదురుడెందుకు?"

అతని చేయి ఆగింది. "మొదటి రోజే చెప్పిన. 'పక్క కొట్ల గోవర్ధనన్నకు అంత ఎర్కే, ఆయన్ని అడుగున్రి' అన్న. 'అడిగినం, ఆయన ఎర్కలే అన్నడు' అన్నరు."

అంతలో ఊర్మిల లోపలికొచ్చింది. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించింది.

"మీరే ఏదో మంచిగ చెప్పినట్టున్నరు అన్నా, మా ఆయన పానంతోటి అచ్చిండు. మీ రుణం తీర్చుకోలేం. సిరిసిల్లకు పోయినా మిమ్మల్ని మరువం."

జలపతి విన్నాడు. ఒక్క మాట చెప్పి ఆమె చేతులు దింపించొచ్చు. చెప్పలేదు. వంగి మూటకు తాడు బిగించాడు. ఊర్మిల చేతులు జోడించి అట్లాగే నిలబడింది. నేను ఆ దండం తీసుకున్నాను.