అగ్గిపెట్టెకు రెండో అర

మా ఊరు బెళుగుప్పలో వీచే గాలికి అగ్గిపుల్ల గీయగానే ఆరిపోతుంది. ఆ సగం కాలిన పుల్లలు ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యి ముట్టించడానికి పనికొస్తాయని, అమ్మ వాటిని మళ్లీ అగ్గిపెట్టెలోనే దాస్తుంది.

ఈ రోజు తెల్లవారుజామున కరెంటు పోతే, చీకట్లో తీసిన ప్రతి పుల్లా కాలినదే. పుల్ల మండలేదు గానీ నాకు ఒళ్లు మండింది. రెండు అగ్గిపెట్టెలు ఒకదానిమీద ఒకటి అంటించి, పై అర కొత్తవాటికి, కింది అర కాలినవాటికి అని అమ్మకు చెప్పాను.

సాయంత్రం టీ పెడదామని తెరిస్తే రెండు అరల్లోనూ కాలినవే!

"కొత్తవి యాడ పెట్టినావు మా?"

"చెంగులో మూట గట్టినా. తావు దొరికిందని కిటికీలో ఉండే కాలిన పుల్లలు గూడా దాంట్లో సర్దినా. శానా బాగుండాది నాయనా! ఇంగొక అర అంటిచ్చినావంటే కొత్తవి ఆడ పెట్టుకుందాం."

మూడోది అంటిస్తున్నాను. మీ ఇంట్లో కాలిన పుల్లలకు ఎన్ని అరలు?