చాటున పూసుకున్న రంగు

వేలూరులో నేను నర్సుగా పనిచేసే పిల్లల వార్డులో జింకు పూత డబ్బా మూత తీసినప్పుడల్లా, ఆ వాసనకు దేవదానం మామ గుర్తొస్తాడు. గుడియాత్తంలో మా పక్కింటి మనిషి. జింకు పొడిని కొబ్బరినూనెలో కలిపి ముఖమంతా తెల్లగా పూసుకొని, ముప్పై ఏళ్లు సర్కసులో జోకరుగా నవ్వించాడు. ఆ డేరా మూతబడ్డాక పెళ్లి మంటపాల వాకిళ్లలో, పుట్టినరోజు విందుల్లో అదే వేషం కట్టేవాడు. "మా తాత వీధికూత్తు ఆటలో కోమాళి, జనాన్ని నవ్వించే వేషం. రాజు వేషగాణ్ణి గూడా ఎగతాళి చేసేవాడు. నన్ను చూసి డేరా అదిరేట్టు నవ్వినారు జనం. ఇప్పుడు పక్కన నిలబడి ఫొటో తీసుకోని పోతారమ్మా, అంతే," అనేవాడు. అన్నాక తనే ముందు నవ్వేవాడు.

మా అమ్మాయి నాలుగో పుట్టినరోజుకు ఆయన్ను పిలిచింది నేనే. ఆ వేషంతో ఆయన గడప దాటి లోపలికి రాగానే అది కెవ్వుమని మంచం కిందికి దూరింది. కత్తి పట్టుకున్న జోకరు దయ్యాన్ని ముందురోజే ఎవరో ఫోనులో చూపించారట. మిగతా పిల్లలూ ఏడుపు అందుకున్నారు. మామ పరాచికాలాడబోతే అరుపులు ఇంకా పెరిగాయి. ఆయన పెరటి కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, రంగుల పెట్టె నా చేతిలో పెట్టాడు.

"యాడన్నా పారేయమ్మా. బిడ్డలు దడుసుకునే మొగం నాకెందుకు?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పెట్టె మాత్రం పారేయలేదు. నాలుగు రోజులు ఆయన ఏ పిలుపుకూ వెళ్లలేదు. ఐదోనాడు పొద్దున్నే లుంగీతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"పెట్టె ఉండాదా? తీసుకురా. మాకు నేర్పించిన వాద్యారు, రంగు పూసుకునేది ఎవురూ చూడగూడదన్నాడు. ఇన్నేండ్లూ తలుపేసుకోనే పూసుకున్యా. అదే తప్పేమో, చూస్తాం."

పాప తలుపు చాటునుంచి తొంగి చూస్తోంది. మామ ఒక చెంపకే రంగు రాసి ఆగాడు.

"ఇంగ చాలా పాపా? నువ్వు వద్దంటే కడిగేసుకుంటా."

అది తలుపు చాటునుంచి ఒక అడుగు ముందుకేసి, "ఇంకొంచెం," అంది. రెండో చెంప, నుదురు, కనుబొమ్మలు, అన్నీ అడిగి అడిగి పూసుకున్నాడు. చివరికి ఎర్ర ముక్కు దాని చేతికిచ్చాడు. అది దాన్ని ఆయన గడ్డానికి అంటించి పకపకా నవ్వింది. మామ కళ్లనీళ్లకు రంగు చారలు కట్టింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

ఆ తర్వాత ఆయన్ను ఎక్కడికి పిలిచినా పిల్లల మధ్య కూర్చునే పూసుకున్నాడు. ఆలస్యమవుతోందని పెద్దవాళ్లు విసుక్కుంటే, "రొంబ తొందరైతే నువ్వే ఆడు నాయనా," అనేవాడు. పోయేదాకా అలాగే చేశాడు.

ఇవాళ పేర్ణాంబట్టు నుంచి వచ్చిన ఒక పాప, సూది వేయడానికి మాస్కులతో వచ్చిన మమ్మల్ని చూసి గోడకు అతుక్కుపోయింది. నేను మాస్కు తీసి, కాస్త ఎడంగా కూర్చుని, నా పేరు చెప్పాను. మాస్కు దాని చేతికిచ్చి, "నువ్వే పెడతావా?" అని అడిగాను. చాలాసేపు నా ముఖం చూసింది. తర్వాత దాన్ని నా ఒక చెవికి తగిలించింది, రెండో చెవికీ తగిలించింది. అప్పుడు తనంతట తనే చెయ్యి చాపింది.